ఆషాఢంలో ఇల్లు చూడండి

ఆషాఢం రాగానే ఇళ్ల బేరాలు ఆగిపోతాయి. కొనేవాళ్లు శ్రావణం దాకా చూద్దామంటారు. బ్రోకర్ల ఫోన్లు మోగవు. అమ్మకానికి పెట్టిన బోర్డు గేటుకు వేలాడుతూ వానకు తడుస్తుంటుంది. నేను కొనదలిచిన ఇళ్లను మాత్రం వీలైనంతవరకు ఆ నెలలోనే చూస్తాను. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి అమ్మేవాళ్లు కూర్చోబెట్టి మాట్లాడతారు, ధర దగ్గర పట్టు కాస్త సడలుతుంది. అంతకంటే పెద్ద కారణం వాన. ఏప్రిల్లో రంగు వేసి చూపించిన గోడ జులై వానకు ఏమీ దాచుకోలేదు. స్లాబ్ ఎక్కడ కారుతోందో, వీధిలో నీళ్లు ఎటు పారుతున్నాయో, సెల్లార్‌లో ఎంత ఎత్తున నిలుస్తున్నాయో గొడుగు పట్టుకుని అరగంట తిరిగితే తెలిసిపోతుంది.

పదిహేనేళ్లు సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. ఆ ఉద్యోగంలో ఉండగానే మొదటి పాత ఫ్లాట్ కొని, బాగుచేసి అమ్మాను. ఇప్పటికి తొమ్మిది ఇళ్లయ్యాయి. ఏడు హైదరాబాద్‌లో, రెండు రాజమండ్రిలో. ఒకదాంట్లో నష్టపోయాను, దాని సంగతీ చెబుతాను. నెలజీతం మీద బతుకుతున్న కుర్రాళ్లు ఈమధ్య తరచూ వచ్చి, "అన్నా, పాత ఇల్లు కొని రిపేర్ చేసి అమ్మితే ఎంత మిగులుతుంది?" అని అడుగుతున్నారు. దానికంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఈ ఇల్లు పక్కింటికంటే తక్కువకు ఎందుకు వస్తోంది?

ఊరికే ఎవరూ తగ్గించి అమ్మరు. తగ్గిందంటే కారణం ఉంటుంది. ఆ కారణాన్ని మేస్త్రీ తీర్చగలడా, వకీలు తీర్చగలడా, లేక ఎవరివల్లా కాదా అన్నది తేల్చుకోవడమే ఈ పనిలో అసలు విద్య. మిగతావన్నీ టైల్స్, రంగులు.

మేస్త్రీ తీర్చే కారణానికి ఒక ఇల్లు చెబుతాను. చిక్కడపల్లిలో రెండో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాట్, తొంభైల్లో కట్టిన బిల్డింగ్. ఎనిమిది నెలలుగా అమ్ముడుపోలేదు. చూడటానికి వచ్చినవాళ్లంతా బాగుందంటున్నారు, మళ్లీ రావడం లేదు. ఓనరు నాతో మొహమాటం లేకుండా చెప్పాడు: "కిందివాళ్లతో గొడవ సార్. మా బాత్రూం నీళ్లు వాళ్లింట్లో కారుతున్నాయని పోలీస్ స్టేషన్ దాకా వెళ్లారు."

నేను కిందికి వెళ్లి తలుపు కొట్టాను. పెద్దావిడ తీసింది. "అమ్మా, పైన ఫ్లాట్ కొందామని చూస్తున్నాను. మీ బాత్రూం కప్పు ఒకసారి చూపిస్తారా?" అంటే, "రా నాయనా, చూడు. మూడేళ్లయింది ఈ బకెట్ ఇక్కణ్నుంచి తీసి," అంటూ లోపలికి తీసుకెళ్లింది. కప్పు మీద గోధుమరంగు మరకలు, ఒకచోట చెయ్యంత మేర పెచ్చు ఊడింది. కడ్డీకి పైపైన తుప్పు పట్టింది కానీ పొరలు పొరలుగా లేవలేదు. నేను చూసినప్పుడు చుక్క పడటం లేదు. పైన ఓనరుకు ఫోన్ చేసి ముందు ఫ్లష్ మాత్రమే వదలమన్నాను. ఏమీ కాలేదు. తర్వాత షవర్ వదలమన్నాను. పది నిమిషాలకు ఒక చుక్క, దాని వెనకే ఇంకొకటి పడ్డాయి. ఎప్పుడూ ఆగకుండా కారితే పంపు నీళ్ల పైపు పగిలిందని అనుమానించాలి. స్నానం చేసినప్పుడే కారుతోందంటే నేల టైల్స్ సందుల్లోనో, నీళ్లు పోయే జాలీ దగ్గరో తేడా ఉంది. ఇది పన్నెండు రోజుల పని. పాత టైల్స్ తీసి, కింద నింపిన రద్దంతా ఎత్తి, పైపులు మార్చి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, రెండు రోజులు నీళ్లు నిలగట్టి చూసుకుని, ఆ తర్వాతే టైల్స్ వేయాలి. కిందింటి కప్పు ప్లాస్టరింగ్, రంగుతో కలిపి నాకు లక్షా ఇరవై వేలయింది. ఆ గొడవ మూలంగా ఫ్లాట్ ధర నాలుగు లక్షలు తగ్గింది. మళ్లీ అమ్మేటప్పుడు కొనడానికి వచ్చినవాళ్లు కిందికి వెళ్లి అడిగితే, ఆ పెద్దావిడే "ఇప్పుడేం బాధ లేదమ్మా, కొనుక్కోండి" అని చెప్పింది.

అందుకే ఏ ఫ్లాట్ చూసినా దాని కింది ఫ్లాట్ కూడా చూడండి. పై అంతస్తయితే టెర్రస్ ఎక్కండి. ఓనరు చెప్పనివి వాచ్‌మన్, పక్కింటివాళ్లు, వీధి చివర కిరాణాకొట్టు ఆయన చెబుతారు. ఒకసారి పగలు, ఒకసారి రాత్రి ఎనిమిది దాటాక వెళ్లండి. పార్కింగ్ తగువులు, పక్క ఫంక్షన్‌హాల్ మోత రాత్రిపూటే తెలుస్తాయి.

భయపెట్టేలా కనిపించినా చిన్నపాటి దోషాలే ఎక్కువ. ఊడిన సున్నం, పగిలిన టైల్స్, తుప్పుపట్టిన జీఐ పైపులు, అల్యూమినియం వైరింగ్, గచ్చు తొట్టి ఉన్న పాత వంటిల్లు, ఇండియన్ టాయ్‌లెట్ ఇలాంటివే. కొనేవాళ్లు వీటిని చూసి మొహం తిప్పుకుంటారు, అందుకే ధర తగ్గుతుంది. వెంట్రుకవాసి పగుళ్లు ప్లాస్టరింగ్‌వి, లప్పం పెడితే పోతాయి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా దిగే పగులు, బీము మీద అడ్డంగా వచ్చిన పగులు, పిల్లర్‌లో కడ్డీ వెంబడి నిలువునా వచ్చిన పగులు వేరు. అలాంటిది కనబడితే దాని మీద అడ్డంగా సన్నని కాగితం ముక్క గట్టిగా అంటించి, తేదీ రాసి, నెల తర్వాత చూడండి. కాగితం చిరిగిందంటే ఆ పగులు ఇంకా కదులుతోంది. కప్పును కర్రతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే పెచ్చు విడివడినట్టు. విశాఖలో సముద్రానికి దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి కడ్డీలు తొందరగా తుప్పుపడతాయి కాబట్టి అక్కడ ఈ పరీక్ష గది గదిలోనూ చేయాలి. అనుమానం తీరకపోతే స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు ఫీజు ఇచ్చి చూపించండి. ఆ ఫీజు దగ్గర పొదుపు చేయొద్దు.

పాత ఇండిపెండెంట్ ఇల్లయితే పిల్లర్ల మీద కట్టిందో, గోడల మీదే స్లాబ్ వేసిందో ముందు కనుక్కోండి. గోడల మీద నిలిచిన ఇంట్లో హాలు పెద్దది చేద్దామని గోడ కొట్టేయడం పైకప్పు కింద నిలబడి దాని కాలు నరకడమే.

ఎవరూ తీర్చలేని కారణం గురించి నాకు నష్టపోయాకే తెలిసింది. గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ అది. గోడలకు మోకాలి ఎత్తువరకు చెమ్మ, తెల్లగా ఉప్పు పూత. బాత్రూం పైపు అనుకున్నాను, మార్చాను. గోడకు రంధ్రాలు చేయించి మందు ఎక్కించాను. ఆ వేసవిలో గోడ అద్దంలా తయారైంది. తర్వాతి వానాకాలం చెమ్మ అదే ఎత్తుకు మళ్లీ ఎక్కింది. అప్పుడు వెళ్లి అడిగితే టీకొట్టు ముసలాయన అన్నాడు: "అది కుంట కదా సార్. మా చిన్నప్పుడు బర్రెలు దిగేవి అందులో." కొనకముందు ఆయన దగ్గర ఒక్క టీ తాగి ఉంటే సరిపోయేది. కొన్నాయనకు ఉన్న విషయం ఉన్నట్టు చెప్పి అమ్మాను, వడ్డీతో కలిపి మూడు లక్షలు పోయాయి.

ఆనాటి నుంచి ఇంటికంటే ముందు నేలను చూస్తున్నాను. మన ఊళ్లలో పేర్లే చాలావరకు చెబుతాయి. కుంట, చెరువు, కట్ట, ట్యాంక్ అన్న మాట పేటపేరులో ఉంటే ఆగి ఆరా తీయాలి. మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు ట్యాంక్ లేదు, పేరు మిగిలింది. హైదరాబాద్ చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) మ్యాపులు హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలి. 2024 జులైలో చెరువు ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక ఈ గీతలను కొనేవాళ్లందరూ అడుగుతున్నారు, అడగాలి కూడా. గీత లోపల ఉన్న ఇల్లు ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వానలకు ఎన్నో కాలనీలు నీట నానాయి. అలా మునిగిన ఇంటికి ఎంత రంగు వేసినా గుర్తులు ఉంటాయి. ద్వారబంధాల అడుగుభాగం ఉబ్బి ఉంటుంది, అల్మరా కింది అర ప్లైవుడ్ పొరలు విచ్చుకుని ఉంటుంది, స్విచ్‌బోర్డులు మామూలుకంటే ఎత్తులో కొత్తగా అమర్చి ఉంటాయి.

అనుమతి లేకుండా పైన వేసిన పెంట్‌హౌస్‌లూ ఈ కోవలోవే. వెలుతురు, గాలి, డాబా మీద తోట చూసి మనసు పడతాం. ప్లాన్‌లో లేని అంతస్తుకు బ్యాంకు లోన్ ఇవ్వదు. లోన్ రాని ఇంటిని మళ్లీ అమ్మాలంటే మొత్తం డబ్బు చేతిలో ఉన్న మనిషే దొరకాలి. మంజూరైన ప్లాన్ కాపీ చూడకుండా బయానా ఇవ్వకండి.

ఇక వకీలు తీర్చేవి. నా అనుభవంలో దాగిన విలువ గోడల్లో కంటే కాగితాల్లోనే ఎక్కువ దొరికింది. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీసి చూడండి, 1983 నుంచి ఉన్న లావాదేవీలు రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్లో వస్తాయి. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. ఒకసారి ఈసీలో పన్నెండేళ్ల కిందటి బ్యాంకు తనఖా కనిపించింది. దాన్ని చూసి ముగ్గురు వెనక్కి పోయారు. లోన్ ఏనాడో తీరిపోయింది, బ్యాంకు నోడ్యూ సర్టిఫికెట్ కూడా బీరువాలో ఉంది. తనఖా విడుదల పత్రం రిజిస్టర్ చేయించుకోవాలని ఆ కుటుంబానికి ఎవరూ చెప్పలేదు. పత్రం రాయించి, బ్యాంకు మేనేజరుతో వెళ్లి రిజిస్టర్ చేయిస్తే తనఖా తీరినట్టు ఈసీలోకి ఎక్కింది. అది ఓనరు పేరున జరిగేవరకు నేను మిగతా డబ్బు ఇవ్వలేదు.

తండ్రి పోయాక పిల్లలు అమ్మే ఇళ్లు ఎక్కువగా వస్తాయి. కొడుకుల సంతకాలతో సరిపెడదామంటే ఒప్పుకోవద్దు. హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. తండ్రి స్వార్జితమైనా వీలునామా లేకపోతే భార్యకు, కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఉంటుంది. అమెరికాలో ఉన్న కూతురైనా సరే, పవర్ ఆఫ్ అటార్నీ పంపించాల్సిందే. "చెల్లెలికి ఇవ్వాల్సింది పెళ్లప్పుడే ఇచ్చేశాం సార్" అన్న మాట రిజిస్ట్రేషన్ ఆఫీసులో చెల్లదు. వారసులు ఎక్కువమంది ఉన్న ఇంటిని చాలామంది తలనొప్పి అని వదిలేస్తారు. ఓపిక పట్టి అందరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగితే అక్కడ ధర ఉంటుంది. నాకు అలా కుదిరిన ఇంటికి అయిదుగురు సంతకం పెట్టారు, నాలుగు నెలలు పట్టింది.

అమ్మేవాళ్లు విదేశాల్లో స్థిరపడ్డవాళ్లయితే ఇంకో జాగ్రత్త కావాలి. వాళ్లకిచ్చే డబ్బులోంచి టీడీఎస్ కోసి కట్టాల్సింది కొనేవాళ్లే. ఇక్కడుండే వాళ్ల దగ్గర కొంటే 50 లక్షలు, ఆపైన ధరకు ఒక శాతమే. ఎన్నారైల విషయంలో ఆ 50 లక్షల పరిమితి వర్తించదు, కోసే శాతం కూడా చాలా ఎక్కువ. తక్కువ కోయడానికి వాళ్లు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అది లేకుండా మనం పూర్తి డబ్బు ఇచ్చేస్తే ఆ పన్ను బాకీ మన మెడకు చుట్టుకుంటుంది. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొనేసి జీపీఏ మీదే అమ్మేద్దాం, రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుంది అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి సెంటర్లోనూ ఉంటారు. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. వినకండి. అలాగే బయానా అయినా సరే 20 వేలు, ఆపైన నగదుగా ఇవ్వడం తీసుకోవడం చట్టం ఒప్పదు, తీసుకున్నవాళ్లకు అంత మొత్తమూ జరిమానా పడవచ్చు.

వాస్తు గురించి చెప్పకుండా మన దగ్గర ఇంటి ధర గురించి మాట్లాడలేం. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా రేపు మీ దగ్గర కొనేవాళ్లకు ఉంటుంది. ఈశాన్యంలో బాత్రూం, ఆగ్నేయంలో లేని వంటిల్లు, ఈశాన్యం మూల కప్పేసిన మెట్లు ఉంటే ధర తగ్గుతుంది. వీటిలో ఇండిపెండెంట్ ఇంట్లో మార్చగలిగేవి చాలా ఉన్నాయి. రాజమండ్రిలో నేను కొన్న ఇంట్లో ఈశాన్యంలో ఒక రేకుల బాత్రూం ఉంది, తర్వాతెప్పుడో కట్టింది. దాన్ని తీసేసి వాయవ్యంలో కట్టిస్తే ఇంటికి వెలుతురు కూడా వచ్చింది. వీధిపోటు, ఇల్లు చూసే దిక్కు మాత్రం మారవు. దక్షిణం వాకిలి ఇల్లు తక్కువకు వచ్చిందని కొంటే, తక్కువకే అమ్మాల్సి వస్తుందని ముందే లెక్కలో రాసుకోండి. ఫ్లాట్‌లో అయితే బాత్రూం జరపడానికి కింద ఫ్లాట్ వాళ్ల నెత్తిన పైపులు వేయాలి, ఆ ఆలోచన మానుకోండి.

ఇంట్లోనే ఉండి ఎవరి కంటా పడని విలువ కొంత ఉంటుంది. ఆ రాజమండ్రి ఇంటి తలుపులకు ఆకుపచ్చ ఎనామిల్ రంగు ఏడెనిమిది పొరలు ఉంది. కొత్త తలుపులకు కొటేషన్ కూడా తీసుకున్నాను. ఇంటావిడ లోపల కాగితాలు వెతుకుతుంటే, గుమ్మం బందు వెనకాల ఎవరికీ కనబడని చోట బ్లేడుతో గోటి వెడల్పు గీకాను. రంగు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. కింద తేనెరంగులో సన్నని నిలువు గీతలు, వేలితో రాస్తే నూనె తాకినట్టుంది. బర్మా టేకు. బయటికొచ్చాక ఆవిడకు చూపించాను. "మా మావగారు తెప్పించారు బాబూ, ఆ రంగులన్నీ మేమే వేసి పాడుచేశాం" అంది. చెప్పడం వల్ల ఆవిడ ధర ముప్పై వేలు పెంచింది, ఇచ్చాను. తెలియనివాళ్ల దగ్గర తెలిసినవాడు మౌనంగా ఉండి కొట్టేసే లాభం నాకు వద్దు. ఆ పెంచిన ధర పోను కూడా కొత్త తలుపుల ఖర్చు మొత్తం మిగిలింది. పాత ఇళ్లలో వినైల్ షీటు కింద మొజాయిక్, గ్రానైట్ కింద తాండూరు బండలు ఉండే అవకాశం ఎప్పుడూ చూసుకోండి. పాలిష్ చేయిస్తే కొత్త టైల్స్ ఖర్చులో కొంచెంతో అయిపోతుంది.

ఫ్లాట్‌కయితే దస్తావేజులో గజాలు చూడండి. విడదీయని వాటా, అందరూ యూడీఎస్ అనేది. మూడు నాలుగు అంతస్తుల పాత అపార్ట్‌మెంట్లలో వెయ్యి ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాట్‌కు యాభై గజాల దాకా రావడం నేను చూశాను. ఆకాశాన్నంటే కొత్త టవర్లలో అంతకంటే పెద్ద ఫ్లాట్‌కు కూడా సగం రాదు. బిల్డింగ్ పాతబడే కొద్దీ కట్టడం విలువ తరుగుతుంది, నేల విలువ మిగిలి పెరుగుతుంది. రేపు అందరూ కలిసి బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇవ్వాలన్నా వాటా లెక్క గజాల్లోనే. ఈ అంకె కొనేవాళ్లకు విడమరిచి చెప్పండి, చాలామంది తమ దస్తావేజులోనే ఎప్పుడూ చూసి ఉండరు. పాత ఫ్లాట్లలో కామన్ ఏరియా పేరిట కోసేది కూడా తక్కువ, అదే ఎస్‌ఎఫ్‌టీలో గదులు పెద్దవిగా ఉంటాయి. కారు పార్కింగ్ మాత్రం దస్తావేజులో రాసి ఉందా అని చూసుకోండి. నోటిమాట పార్కింగ్ ఓనరు మారిన మర్నాడే తగువవుతుంది.

లెక్కకు వద్దాం. 48 లక్షలకు ఫ్లాట్ దొరికింది, బాగుచేస్తే 64కు పోతుందనుకుందాం. పదహారు లక్షలు మిగులుతాయని సంబరపడతాం. రిజిస్ట్రేషన్ ఖర్చులు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 7.5 శాతం, అంటే 3.60 లక్షలు. బ్రోకర్‌కు ఒక శాతం, 48 వేలు. వకీలు, రాతకోతలు 15 వేలు. రిపేర్లు 6.50 లక్షలు. ముప్పై లక్షల లోన్ మీద 9 శాతం వడ్డీ, ఎనిమిది నెలలకు 1.80 లక్షలు. మెయింటెనెన్స్, కరెంటు, ఇంటిపన్ను 32 వేలు. అమ్మేటప్పుడు మళ్లీ బ్రోకర్‌కు 64 వేలు. అన్నీ కలిపితే 61.49 లక్షలు. మిగిలింది 2.51 లక్షలు. రెండేళ్లలోపు అమ్మారు కాబట్టి అది మీ జీతానికి కలిసి శ్లాబ్ ప్రకారం పన్ను పడుతుంది. ముప్పై శాతం శ్లాబ్‌లో ఉంటే చేతికి వచ్చేది 1.75 లక్షల లోపే. ఒక్క బాత్రూం అనుకున్నదానికంటే ఎక్కువ మింగిందంటే అదీ లేదు.

ఇదే ఇల్లు 45కు కొని ఉంటే, రిజిస్ట్రేషన్, బ్రోకర్ ఖర్చుల తగ్గింపుతో కలిపి పన్నుకు ముందు లాభం 5.75 లక్షలు దాటుతుంది. బేరంలో ఆ మూడు లక్షలు తగ్గాలంటే ఇల్లు ఎందుకు చవకో మీకు ఓనరుకంటే బాగా తెలియాలి. అందుకే నేను వెనక నుంచి లెక్క వేస్తాను. ఆ వీధిలో అలాంటి ఇల్లు ఎంతకు పోతోంది? ప్రకటనల్లో అడుగుతున్న ధర కాదు, ఈమధ్య నిజంగా అమ్ముడుపోయిన ధర. అందులోంచి రిపేర్లు, రిజిస్ట్రేషన్, వడ్డీ, బ్రోకర్లు, రిపేర్ల మీద ఇరవై శాతం అదనం, నా కష్టానికి మిగలాల్సింది తీసేస్తాను. మిగిలిన అంకెకు మించి ఒక్క రూపాయి పెట్టను. ఎంత మనసుపడ్డా సరే.

ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లకు నేను ముందుగా చెప్పే దారి వేరే ఉంది. అలాంటి ఇల్లు కొని మీరే అందులో ఉండండి. అద్దె మిగులుతుంది, పని తొందరపడకుండా గది తర్వాత గదిగా చేయించుకోవచ్చు, మేస్త్రీ ఎలా చేస్తున్నాడో రోజూ కంటితో చూడొచ్చు. 24 నెలలు దాటాక అమ్మితే దీర్ఘకాల లాభం కిందికి వస్తుంది, ఇప్పుడు కొన్న ఇంటికి పన్ను 12.5 శాతం, సెస్సు అదనం. ఆ లాభంతో నిర్ణీత గడువులో ఇంకో ఇల్లు కొంటే మినహాయింపుకూ వీలుంది. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణం ముందే తీర్చినా వ్యక్తుల దగ్గర బ్యాంకు జరిమానా వసూలు చేయకూడదు. రిపేర్ల డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చి బిల్లులు దాచండి, ఇంటి విలువ పెంచిన పనుల ఖర్చును లాభం లెక్కలోంచి తీసేయడానికి అవే ఆధారం. ఏడాదికో ఇల్లు కొంటూ అమ్ముతూ పోతే మాత్రం దాన్ని వ్యాపారం కింద లెక్కకట్టవచ్చు, ఆ దశలో ఆడిటర్‌తో మాట్లాడండి.

పని మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియాలి. వీధిలో ఇళ్లన్నీ అరవై అయిదుకు పోతుంటే, ఇటాలియన్ మార్బుల్ వేసినా మీ ఇల్లు ఎనభైకి పోదు. నేను డబ్బు పెట్టేది బాత్రూంలు, వంటిల్లు, కొత్త రాగి వైరింగ్, ఎర్తింగ్, పైపులు, దోమతెరల కిటికీలు, తెల్లటి రంగు. ఇల్లు చూడటానికి భార్యాభర్తలు వస్తే ఆవిడ ముందు వంటింట్లోకి వెళుతుంది. కుళాయి తిప్పుతుంది, మంజీరా నీళ్లు ఎన్నాళ్లకోసారి వస్తాయని అడుగుతుంది. ఆ జవాబు మీ దగ్గర ఉండాలి. ఫాల్స్ సీలింగ్, రంగురంగుల లైట్లు నేను పెట్టను. పాత ఇంట్లో ఫాల్స్ సీలింగ్ చూడగానే తెలిసినవాళ్లు దాని వెనక ఏం దాచారా అని అనుమానిస్తారు, అది న్యాయమే.

ఆషాఢంలో చూసి, శ్రావణంలో రిజిస్ట్రేషన్ అయితే, వానలు తగ్గాక పని మొదలై సంక్రాంతికి పూర్తవుతుంది. జూన్‌లో బడులు తెరిచేలోపు ఇల్లు మారాలనుకునే కుటుంబాలు ఫిబ్రవరి నుంచే తిరుగుతుంటాయి. మీ ఇల్లు అప్పటికి సిద్ధంగా ఉండాలి. మూఢం ఎప్పుడొస్తుందో పంచాంగం చూసి పెట్టుకోండి, అది పడితే రెండు నెలల వడ్డీ అదనంగా కట్టాల్సి రావచ్చు.

గోడలు మూసేముందు, టైల్స్ పరిచేముందు ప్రతి పైపు, ప్రతి వైరు ఎటు పోతుందో ఫోటో తీయండి. పక్కన టేపు పెట్టి, నేల నుంచి ఎంత ఎత్తో, మూల నుంచి ఎంత దూరమో కనబడేలా తీయాలి. వాటర్‌ప్రూఫింగ్ చేసిన తేదీ, వాడిన మందు బిల్లు, నీళ్లు నిలగట్టిన రెండు రోజుల ఫోటోలు, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ ఫోన్ నంబర్లు, ఇంటిపన్ను, కరెంటు, నీళ్ల బిల్లుల చివరి రసీదులు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. బాగుచేసిన లోపం ఏమిటో, ఇంకా ఉన్న లోపం ఏమిటో ఒక కాగితం మీద రాసి అదే ఫైల్లో పైన ఉంచండి. చిక్కడపల్లి ఫ్లాట్ కొన్నాయన తాళాలు తీసుకున్నాక ఆ ఫైలు అక్కడే నిలబడి చివరిదాకా తిరగేశాడు. నాలుగు నెలలకు గీజర్ బిగించుకోవడానికి గోడకు ఎక్కడ రంధ్రం పెట్టాలో అందులో చూసుకున్నానని ఫోన్ చేశాడు. తర్వాత నేను అమ్మిన ఇంటికి కొనేవాళ్లను పంపింది ఆయనే, ఆ అమ్మకానికి బ్రోకర్ కమిషన్ పడలేదు.